అవార్డు సినిమా మధ్యాహ్నాలు

మా గోదావరిఖని కాలనీలో ‘అవార్డు సినిమా’ అంటే ఒక తిట్టు. పెళ్లి పందిట్లో బంతి లేవడం ఆలస్యమైనా, షిఫ్టు బస్సు ఎంతకీ కదలకపోయినా, ఎవడైనా చిన్న ముచ్చట చెప్పడానికి గంటసేపు సాగదీసినా “ఏందిరా, అవార్డు సినిమా పెట్టినవ్?” అనేవాళ్లు. తిట్టేవాళ్లంతా ఆ సినిమాలు చూసినవాళ్లే. 1980ల చివర్లో ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ ఒక ప్రాంతీయ భాషా చిత్రాన్ని, ఎక్కువగా జాతీయ అవార్డు వచ్చినదాన్ని, కింద ఇంగ్లీషు అక్షరాలతో దేశమంతటికీ చూపించేది. ఒక వారం మలయాళం, ఇంకో వారం బెంగాలీ, మరో వారం అస్సామీ. తెలుగు వంతు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. తిప్పుకోవడానికి మాకు ఇంకో చానెల్ లేదు. అలా పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు వెతుక్కుని చూసే సినిమాలను మా బొగ్గుబాయి కార్మికుల ఆడవాళ్లు బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, నోరారా తిట్టుకుంటూ చూసేశారు.

మా క్వార్టర్ రెండు గదులది. ముందు గదిలో చెక్క షట్టర్ ఉన్న ఈసీ టీవీ, నలుపు తెలుపుది. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన ఆ టీవీలు అప్పట్లో మా వైపు చాలా ఇళ్లలో కనిపించేవి. కరెంటు బొగ్గు కంపెనీదే, బిల్లు లేదు. కాబట్టి పెట్టిన టీవీని ఆపాలని ఎవరికీ తోచేది కాదు. ఆదివారం పొద్దున రామాయణం అయ్యేదాకా వీధిలో మనిషి ఉండేవాడు కాదు. తర్వాత మటన్ దుకాణానికి పరుగులు. అన్నాలు తిని అంట్లు తోముకునే వేళకు మూగ, చెవిటివాళ్ల వార్తలు వచ్చేవి. చేతులతో చెప్పే ఆ వార్తలను పిల్లలం అనుకరిస్తూ ఒకరినొకరం తిట్టుకునేవాళ్లం. అవి అయిపోగానే సినిమా.

శనివారం రాత్రి షిఫ్టు చేసొచ్చిన బాపు, అంటే మా నాన్న, లోపలి గదిలో పడుకునేవాడు. ఒక్కోసారి ప్లేడే, అంటే సెలవు రోజు పని, దొరికితే రెట్టింపు కూలి వస్తుందని డ్యూటీకి పోయేవాడు గానీ, లేదంటే ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఆయనది. రాత్రంతా భూమి లోపల ఉండొచ్చిన మనిషిని లేపే ధైర్యం మాకెవరికీ లేదు. అమ్మ టీవీ సౌండు బాగా తగ్గించేసేది. హిందీ సినిమాను అంత చిన్న గొంతుతో చూడాలంటే నరకమే. ఈ అవార్డు సినిమాల్లో మాటలు తక్కువ, ఉన్నవేమో మాకు రాని భాషలో. వినబడకపోయినా పోయేదేమీ లేదు. మా ఇంటి నిద్రవేళకు అవి భలే కుదిరాయి. మలయాళ దర్శకులు అరవిందన్ మీదా, అదూర్ గోపాలకృష్ణన్ మీదా వచ్చిన వ్యాసాల్లో ‘నిశ్శబ్దం’ గురించి పేజీలకు పేజీలు చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది బాపు గురక.

చూడ్డానికి ఎదురింటి అత్త, పక్క క్వార్టర్ పెద్దమ్మ, వాళ్ల పిల్లలు వచ్చేవాళ్లు. ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగిన మనిషిని నేనొక్కదాన్నే, అదీ ఏడో తరగతి చదువుతో. “ఏమంటున్నదే ఆమె?” అని అడిగేవాళ్లు. నేను సగం కూడబలుక్కునేలోగా ఆ వరుస మాయమై ఇంకోటి వచ్చేది. కాసేపు చూసి నన్ను పక్కన పెట్టేసేవాళ్లు. కథ వాళ్లే తేల్చుకునేవాళ్లు. పెద్దమ్మకు ఒక లెక్క ఉండేది. ఎవరు ఎవరికి ముందు అన్నం పెడుతున్నారు, ఎవరు ఎవరి ముందు కూచుంటున్నారు, ఎవరు నిలబడే ఉంటున్నారు, ఈ మూడూ చూస్తే ఆ ఇంటి సంగతంతా తెలిసిపోతుందనేది. భూస్వాముల ఇళ్ల కథలు అప్పట్లో ఎక్కువగా వచ్చేవి కాబట్టి ఆ లెక్క దాదాపు ఎప్పుడూ పనికొచ్చేది.

ఆ గదిలో అందరూ చివరిదాకా కదలకుండా చూసిన మొదటి సినిమా ‘ఎలిప్పత్తాయం’. కారణం కళ కాదు, శారద. తెరమీద ఆమె మొహం కనపడగానే ఎదురింటి అత్త “అరే, మన శారద!” అని కేకేసి, లోపల బాపు ఉన్నాడని గుర్తొచ్చి నోరు మూసుకుంది. ‘మనుషులు మారాలి’ చూసి కొంగులు తడుపుకున్న తరం వాళ్లది. శారద ఏడిస్తే ఏడవడానికి సిద్ధంగా కూచున్నారు. ఆమె ఏడవనే లేదు. వండింది, వడ్డించింది, పొట్ట నొప్పితో మెలికలు తిరిగింది, మళ్లీ లేచి వండింది. తెనాలి అమ్మాయి మలయాళం పోయి ఇంత తక్కువ చేసి ఇంత ఎక్కువ సాధించిందని మాకేం తెలుసు? జాతీయ ఉత్తమ నటి అవార్డు ఆమెకు మూడుసార్లు వచ్చింది. మొదటి రెండూ మలయాళానికే, ‘తులాభారం’, అదూర్ తొలి చిత్రం ‘స్వయంవరం’. తెలుగులో చేసిన ‘నిమజ్జనం’ మూడోది. ఆ ‘తులాభారమే’ మన ‘మనుషులు మారాలి’.

‘ఎలిప్పత్తాయం’ 1981 నాటిది. పాతబడిన పెద్దింట్లో ఉన్ని అనే మనిషి, అతని అక్కచెల్లెళ్లు ఉంటారు. అతను ఏ పనీ చెయ్యడు. పెరట్లోకి ఆవు వస్తే తోలడానికి చెల్లెల్ని పిలుస్తాడు. బయటికి బయలుదేరి, దారిలో బురదగుంట కనపడితే దాటలేక ఇంటికి తిరిగొస్తాడు. ఆ గుంట దగ్గర మా గదిలో పెద్ద గొడవే జరిగింది. “కాళ్లు లేవా నీకు?” అని పెద్దమ్మ టీవీని నిలదీసింది. ఇంట్లో ఎలుక దూరితే చెక్క బోనులో పట్టి, చిన్న చెల్లెలు దాన్ని చెరువుకు తీసుకుపోయి నీళ్లలో ముంచుతుంది. మళ్లీ ఇంకో ఎలుక, మళ్లీ చెరువు. అలాంటి బోనే మా వంటింట్లోనూ ఉంది. ఉన్ని కూడా బోనులో ఎలుకేనని మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చివర ఊరివాళ్లు వచ్చి అతన్ని ఈడ్చుకుపోయి అదే చెరువులో పడేస్తే, ఎదురింటి అత్త “మంచిగైంది” అని లేచి చాయ్ పెట్టడానికి పోయింది. అంతకంటే కచ్చితమైన విమర్శ ఆ సినిమా మీద నేను ఎక్కడా చదవలేదు.

ఆ ఇంటి ఆడవాళ్లకు అదూర్ ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఇచ్చాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పెద్దామెకు ఆకుపచ్చ, శారదకు నీలం, ఎదురుతిరిగే చిన్నదానికి ఎరుపు. ఆయన రంగుల్లో తీసిన మొదటి సినిమా అది. మేం చూసింది బూడిద రంగులో. రంగుల ప్రింటు చూసినప్పుడు బాగానే ఉందనిపించింది గానీ, మా ఈసీ టీవీ బూడిద రంగు ఆ ఇంటికి ఇంకా బాగా నప్పిందని నా పక్షపాతం.

అన్నీ ఇలాంటివే అనుకోవద్దు. ఒక ముసలావిడ దగ్గు, ఒక ఎండిన బావి, చూరు కింద కూచుని శూన్యంలోకి చూసే నిరుద్యోగి, ఈ మూడూ ఉంటే అవార్డు వస్తుందని నమ్మి తీసినట్టుండే సినిమాలూ లెక్కలేనన్ని వచ్చాయి. వాటి పేర్లు గుర్తు లేవు, గుర్తుంచుకోవాల్సిన పనీ లేదు. వాటి విషయంలో కాలనీ తిట్టు న్యాయమైనదే.

ఈ సినిమాల పిచ్చికి నన్ను పూర్తిగా అప్పగించినవాడు మా మేనమామ. కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం, అక్కడి ఫిల్మ్ సొసైటీలో సభ్యుడు. తనకు ఆ పురుగు ఎలా కుట్టిందో ఆయన చెప్పే కథ ఒకటుంది. 1970ల మొదట్లో, చిన్నతనంలో, ఎన్టీఆర్ సినిమాకు పోయాడు. ఆ రోజుల్లో అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల చిన్న చిత్రం వెయ్యడం థియేటర్లకు తప్పనిసరి. జనం దాన్ని న్యూస్‌రీలు అని పిలిచి, అది అయ్యేదాకా బయట బీడీలు కాల్చుకునేవాళ్లు. ఆ రోజు తెరమీద ఒక మనిషి తెల్లటి గదిలో గోడలకూ, నేలకూ రంగులు వేస్తూ, నడవకుండానే జరుగుతూ, మాయమై ఇంకోచోట తేలుతూ కనిపించాడు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత వచ్చిన ఎన్టీఆర్ సినిమా ఏదో మామకు జ్ఞాపకం లేదు, ఇది మాత్రం పోలేదు. దాని పేరు ‘ఆబిద్’ అనీ, ప్రమోద్ పతి తీశాడనీ, ఆ మనిషి చిత్రకారుడు ఆబిద్ సుర్తీ అనీ, మనిషిని ఒక్కో ఫ్రేముకు ఆపి ఆపి జరుపుతూ బొమ్మల సినిమా పద్ధతిలో తీశారనీ సొసైటీలో చేరాక తెలుసుకున్నాడు. ప్రభుత్వ శాఖ తీసిన ఇంత విపరీతమైన ప్రయోగం, మసాలా సినిమాకు ముందు, బీడీలు కాలుస్తున్న జనానికి! మన దేశంలో ప్రయోగాత్మక సినిమాకు దొరికినంత మంది ప్రేక్షకులు, చూడకుండా బయట నిలబడ్డవాళ్లను తీసేసినా, ఇంకెక్కడా దొరికి ఉండరని మామ వాదన.

నా తరానికి అలాంటిది ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’. పిట్టలు వలతో సహా ఎగిరిపోయే ఆ బొమ్మల చిత్రం దూరదర్శన్‌లో ఎన్నిసార్లు వచ్చిందో. పాట రాని పిల్ల మా బడిలో లేదు. 1974లో అది తీసిన విజయా మూలే, పట్నాలో, ఢిల్లీలో ఫిల్మ్ సొసైటీలు నిలబెట్టిన మనిషి. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా ఫిల్మ్ సొసైటీల సమాఖ్య పుట్టినప్పుడు అందులో ఆమె పనిచేసింది. అంటే నేను పెద్దయ్యాక ఏ దారిన పోయానో, ఆ దారి వేసినవాళ్లలో ఒకావిడ నాకు ముందే ఒకటో తరగతిలో పాట నేర్పి పెట్టింది.

ఎండాకాలం సెలవులకు అమ్మా నేనూ మామ ఇంటికి పోయేవాళ్లం. సొసైటీ వాళ్లు ఒక బడి హాల్లో పదహారు ఎంఎం ప్రొజెక్టరు పెట్టి సినిమాలు వేసేవాళ్లు. ప్రింట్లు ఎక్కువగా పూనాలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి వచ్చేవి. 1964లో మొదలైన ఆ సంస్థను పి.కె. నాయర్ అనే ఆయన దేశం మూలమూలలా తిరిగి డబ్బాలు పోగేసి నిలబెట్టారు. సోవియట్, చెక్, హంగేరియన్, కెనడా రాయబార కార్యాలయాలు కూడా సినిమాలు అరువిచ్చేవి. కరీంనగర్‌కు అప్పటికి రైలు లేదు. రేకు డబ్బాలు చివరి మజిలీ ఆర్టీసీ బస్సులోనే చెయ్యాలి. మామ సైకిలు మీద బస్టాండుకు పోయి తెచ్చుకునేవాడు. బస్సు ఆలస్యమైతే సినిమా ఆలస్యం. డబ్బా దారిలో దిగిపోతే ఆ సాయంత్రం ఉపన్యాసమే.

ప్రొజెక్టరు ఒకటే. రెండు గంటల సినిమా మూడు పెద్ద చుట్లలో వచ్చేది. ఒక చుట్ట అయిపోగానే లైట్లు వేసి, ఇంకోటి ఎక్కించి, ఫిల్మును పళ్లచక్రాల మధ్య నుంచి నడిపి, దీపం ముందు కిటికీకి పైనా కిందా చిన్న వంపు వదిలి బిగించాలి. ఆ వంపు జారితే తెరమీద బొమ్మ పిచ్చిగా ఎగిరేది. “లూపు పోయింది” అని వెనక నుంచి ఎవరో అరిచేవాళ్లు. ఆ లైట్లు వెలిగిన కాసేపటిలో చాయ్, వాదన, వెళ్లిపోవాలనుకున్నవాళ్ల నిష్క్రమణ.

నిష్క్రమించేవాళ్లలో ఒక తెగ వేరే. ఫిల్మ్ సొసైటీలు సభ్యులకు మాత్రమే వేసుకునే విదేశీ సినిమాలకు సెన్సారు నుంచి మినహాయింపు ఉండేది. ఈ సంగతి ఊళ్లో తెలియగానే సభ్యత్వాలు పెరిగాయి. ఫ్రెంచి సినిమా అంటే ముందు వరసలు నిండేవి. తెరమీద ఇద్దరు మనుషులు కిటికీ దగ్గర నిలబడి దేవుడి గురించో, అల్జీరియా యుద్ధం గురించో మాట్లాడుకుంటుంటే మొదటి చుట్టంతా ఓపిక పట్టి, రెండో చుట్టకు సగం కుర్చీలు ఖాళీ చేసేవాళ్లు. మామకు వాళ్ల మీద కోపం లేదు. “వాళ్ల చందాతోనే గదా ప్రొజెక్టర్ బల్బు కొంటున్నం” అనేవాడు. ఆ బల్బులు మాడిపోవడమే తప్ప దొరకడం ఉండేది కాదు.

ఒక సాయంత్రం అసలు సినిమాకు ముందు కెనడా వాళ్ల చిన్న రీలు వేశారు. నార్మన్ మెక్‌లారెన్ తీసిన ‘బిగాన్ డల్ కేర్’, 1949 నాటిది. తీసిన అనకూడదేమో, ఆయన కెమెరా వాడలేదు. ఫిల్ము మీదే రంగులు పూసి, గీకి, చుక్కలు పెట్టి, ఆస్కార్ పీటర్సన్ బృందం జాజ్ సంగీతానికి వాటిని ఆడించాడు. కథ లేదు, మనిషి లేడు, ఇల్లు లేదు, చెట్టు లేదు. గీతలు ఉరుకుతున్నాయి, పగులుతున్నాయి, పియానో నెమ్మదించినప్పుడు నల్లటి తెరమీద తెల్లటి గీత ఒంటరిగా వణుకుతోంది. హాల్లో ఉన్న పిల్లలమంతా లేచి నిలబడ్డాం. పెద్దవాళ్లు దాని అర్థమేమిటని తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు అర్థం అనే అవసరమే కనబడలేదు. మళ్లీ వెయ్యమని అడిగాం, వేశారు కూడా. ప్రయోగాత్మక సినిమా కష్టమని ఎవరైనా అంటే, పదేళ్లలోపు వయసులో చూపించమని చెబుతాను. నాకప్పటికి పదేళ్లు దాటాయి, అయినా ఆలస్యం కాలేదు.

‘కాంచనసీత’ కథ వేరే. అది రామాయణం అని చెప్పి మామ అమ్మమ్మను కూడా తీసుకొచ్చాడు. రామాయణం అంటే మన ఇళ్లలో ఏమిటో తెలిసిందే. 1963 ‘లవకుశ’ తర్వాత తెలుగువాళ్లకు రాముడంటే ఎన్టీఆరే, అప్పటికి ఆ రాముడు ముఖ్యమంత్రి కూడా. దానికి తోడు ఆదివారం పొద్దున టీవీలో ఇంకో రాముడు చిరునవ్వు నవ్వుతున్నాడు. అలాంటి రోజుల్లో అరవిందన్ రాముడు ఒంటిమీద నగ లేకుండా, కిరీటం లేకుండా, జుట్టు విరబోసుకుని, చెట్ల మధ్య నుంచి నడిచొచ్చాడు. 1977లో ఆ సినిమాను అరవిందన్ మన ఆంధ్రప్రదేశ్ అడవుల్లోనే తీశాడు. రాముడూ లక్ష్మణుడూ వేసినవాళ్లు రామచెంచులు, రాముడి వంశం మాదని చెప్పుకునే గిరిజనులు. షాజీ కరుణ్ కెమెరా. సీత పాత్రకు మనిషి లేదు. గాలి కదిలితే, ఆకులు ఊగితే, నీటి మీద వెలుగు మారితే సీత ఉన్నట్టు.

అమ్మమ్మ చాలాసేపు ఓపిక పట్టింది. “సీతమ్మ ఎప్పుడొస్తది?” అని అడిగింది. వచ్చిందని మామ చెప్పాడు. “ఏదిరా?” అంది. ఆ కొమ్మలు కదులుతున్నాయి కదా అన్నాడు. మొదటి చుట్ట అయిపోయి లైట్లు వెలగగానే అమ్మమ్మ లేచి, చెప్పులు వేసుకుని, టికెట్టు పైసలు వాపస్ అడగమంది. టికెట్టు లేదని చెబితే ఇంకా కోపం వచ్చింది. ఆమెను రిక్షాలో ఇంటికి దింపే పనిలో మామ మిగతా సినిమా పోగొట్టుకున్నాడు. నేను ఉండిపోయాను. ఆ రాముడు చివర నదిలోకి నడిచిపోయేదాకా చూశాను. సీత లేదని నాకూ అనిపించింది, కాకపోతే లేకపోవడం చూస్తూ అంతసేపు కూచోవచ్చని అప్పటిదాకా తెలియదు. ఏ అడవిలో తీశారో, ఆ చెంచు రాముడు తర్వాత ఏమయ్యాడో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మన నేల మీద మన మనుషులతో తీసిన ఆ సినిమాను మలయాళీలు తలకెత్తుకున్నారు, మనం గుర్తు కూడా పెట్టుకోలేదు.

అమ్మ సొసైటీకి వచ్చింది తక్కువ. వచ్చినవాటిలో ఒకటి మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’. ఆ పేరు వింటే సినిమా విద్యార్థులకే దడ. మోహన్ రాకేశ్ కథ, ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ డబ్బుతో, ఇరవై అయిదేళ్లయినా నిండని కుర్రాడు తీశాడు. పంజాబు పల్లెలో బాలో అనే ఆమె బస్సు డ్రైవరైన మొగుడికి రొట్టెలు కట్టుకుని రోడ్డు మీద నిలబడుతుంది. బస్సు వస్తుంది, పోతుంది. ఒకరోజు ఆమెకు ఆలస్యమవుతుంది, బస్సు వెళ్లిపోతుంది, ఆమె నిలబడే ఉంటుంది. అంతే కథ. మనుషులు మాట్లాడినా చదివినట్టు మాట్లాడతారు, మొహంలో ఏమీ చూపించరు. జరిగిందేదో, ఆమె తలుచుకుంటున్నదేదో తేల్చి చెప్పరు. పిండి పిసికే చేతులు, గోడ పక్క ఖాళీ, చెట్టు కింద మనిషి.

నాకు విసుగు పుట్టింది. ఆ విసుగు ఇప్పుడు చూసినా కొన్నిచోట్ల పుడుతుంది, దాచుకోవడం ఎందుకు? రెండో చుట్టకు హాల్లో పదిమంది కంటే లేరు. మామ బ్రెసన్ అనే ఫ్రెంచి ఆయన గురించి, మణి కౌల్‌కు ఆయనంటే ఎంత గురో నా చెవిలో చెబుతున్నాడు. అమ్మ మాత్రం చెంగు ఒళ్లో పెట్టుకుని కదలకుండా చూస్తోంది.

ఇంటికి నడిచొస్తుంటే మామ భయం భయంగా అడిగాడు. “విసుగొచ్చిందా అక్కా?”

“నాకెందుకు విసుగొస్తది?” అంది అమ్మ. “నేను రోజూ చేసే పనే గదా.”

అమ్మ చేసే పని ఏమిటో నాకప్పుడు తెలుసు గానీ, పని అని తెలియదు. బాపు మొదటి షిఫ్టుకు పోతే తెల్లవారక ముందు లేచి సద్ది కట్టేది. షిఫ్టు విడిచే సైరన్ మోగాక ఎంతసేపట్లో సైకిలు మా సందు మలుపు తిరగాలో ఆమెకు లెక్క. ఆ లెక్క దాటితే వాకిట్లోకి వచ్చేది. ఇంకా దాటితే ఎదురింటి అత్త కూడా వచ్చేది. వేళ కాని వేళ సైరన్ మోగితే కాలనీలోని ఆడవాళ్లందరూ బాయి గేటు వైపు ఉరికేవాళ్లు. అక్కడ నిలబడేవాళ్లు. అడగడానికి ఎవరూ ఉండరు, చెప్పేవాళ్లు ఉండరు. ఒక మనిషి నిలబడి ఉంటే బయటికి ఏమీ కనపడదు, లోపల ఏం నడుస్తుందో నిలబడ్డవాళ్లకే ఎరుక. మణి కౌల్ ఆ సినిమాలో మొహాల్లోంచి నటన తీసేశాడని విమర్శకులు రాశారు. అమ్మకు అక్కడ ఏదో తీసేసినట్టు అనిపించలేదు. దారి పొడుగునా ఆమె అభ్యంతరం ఒక్కటే, ఆ రొట్టెలు అప్పటికి ఎండిపోయి ఉంటాయి, ఆ డ్రైవర్ ఎలా తిన్నాడు అని. పిండి మాత్రం ఆ అమ్మాయి బాగా తడిపిందట, చేతులు చూస్తే తెలుస్తుందట.

ఆ తర్వాత ‘దాసి’ వచ్చింది. దాన్ని కాలనీలో ఎవరూ అవార్డు సినిమా అని తిట్టలేదు. బి. నర్సింగరావు 1988లో తీసిన ఆ సినిమాలో గడీ ఉంది, దొర ఉన్నాడు, దొరసాని వెంట అరణంగా వచ్చిన కమలాక్షి ఉంది. ఆమెగా చేసిన అర్చనకు, కెమెరా పట్టిన ఎ.కె. బీర్‌కు, దుస్తులు చూసిన సుదర్శన్‌కు, కళాదర్శకుడు వైకుంఠంకు అందరికీ జాతీయ అవార్డులొచ్చాయి. ముదురు చామన ఛాయ ఆడవాళ్లను, పెద్ద బొట్లను బొమ్మలుగా గీసే ఆ వైకుంఠం మా కరీంనగర్ జిల్లా మనిషే. మలయాళం ఇల్లయినా, బెంగాలీ ఇల్లయినా మొదటి నిమిషం నుంచి వ్యాఖ్యానం చేసే పెద్దమ్మ ఆ మధ్యాహ్నం నోరు తెరవలేదు. అడిగితే తన చిన్నతనంలో ఇలాంటి గడీ ముందు నుంచి చెప్పులు చేత పట్టుకుని పోయేవాళ్లమని మాత్రం చెప్పింది. నేను ఇంగ్లీషు అక్షరాలు చదవాల్సిన పని లేకుండా పోయిన సినిమా అది.

1990లు వచ్చాక ఇదంతా చాలా త్వరగా పోయింది. కాలనీకి కేబుల్ వచ్చింది, తిప్పుకోవడానికి చానెళ్లు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం ఏం వస్తోందో ఎవరూ చూడలేదు. సొసైటీ ప్రొజెక్టరుకు బల్బు నిజంగానే దొరకడం మానేసింది. మామ వీసీఆర్ కొనుక్కుని క్యాసెట్లు పోగు చేశాడు. ఇప్పుడు ఆ సినిమాల్లో కొన్ని కొత్తగా మెరుస్తున్నాయి. అరవిందన్ ‘కుమ్మాట్టి’ని 2021లో, ‘తంపు’ను 2022లో శుభ్రం చేసి బయటికి తెచ్చారు. ‘తంపు’ కాన్స్ దాకా పోయింది. సర్కస్ చూస్తున్న పల్లెజనం మొహాలను అరవిందన్ తీసిన భాగం అందులో ఉంది. సర్కస్ కంటే అదే బాగుంటుంది.

మామ క్యాసెట్లలో ఒకటి మా ఇంటికి వచ్చింది, బాపు పని నుంచి దిగిపోయాక. మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’. ఎన్నో ఆదివారాలు ఆ సినిమాల పక్కనే నిద్రపోయిన మనిషి, మెలకువగా కూచుని చూసిన మొదటి అవార్డు సినిమా అదే. పేర్లు పడుతున్నప్పుడు కెమెరా కె.కె. మహాజన్ అని చదివి నేను అమ్మకు చెప్పాను, ‘ఉస్కీ రోటీ’ తీసిన కెమెరా ఈయనదే అని. “రొట్టెల సినిమానా?” అంది.

వెంకయ్య, అతని కొడుకు కిష్టయ్య. పని చెయ్యరు. చెయ్యలేక కాదు, చెయ్యకూడదని. ఎంత చేస్తే అంత ఆసామి బలుస్తాడు, మనం ఎండుతాం, కాబట్టి చెయ్యనివాడే తెలివైనవాడని వెంకయ్య సిద్ధాంతం. ఆ పాత్ర వేసిన వాసుదేవరావు కన్నడ నటుడు, ‘చోమన దుడి’ సినిమాలో చోముడు. బాపు ఏడాదికి ఎన్ని మస్టర్లు పడ్డాయో లెక్క రాసుకున్న మనిషి. జ్వరమొచ్చినా బాయికి దిగినవాడు. వెంకయ్య మాటలకు ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. పడీపడీ నవ్వాడు. “నిజమే జెప్తున్నడు ముసలోడు” అని తొడ చరుచుకున్నాడు. పొద్దున్నే పొలాలకు పోయే కూలీల వరుసను వెంకయ్య వెక్కిరిస్తుంటే, “నువ్వు ముప్పయ్యేండ్ల కింద కనబడితే అయిపోవురా” అన్నాడు టీవీతో. ఎదురింటి అత్త, పెద్దమ్మల అలవాటు ఆయనకూ వచ్చేసింది.

తర్వాత నీలమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. మమతా శంకర్ వేసింది. ఆమె పనిచేస్తుంది, వీళ్లు తింటారు. ఆమెకు నొప్పులొచ్చి లోపల అరుస్తుంటే తండ్రీకొడుకులు కదలరు. బాపు నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. చూసేసరికి “లేవరా, మంత్రసానిని పిలువు, లేవరా” అంటున్నాడు. నీలమ్మ చచ్చిపోయింది. తండ్రీకొడుకులు శవానికి బట్ట కావాలని ఊళ్లో అడుక్కోవడానికి బయలుదేరారు. సినిమా అయిపోయాక అమ్మ టీవీ ఆపింది. బాపు బీడీ తీసి ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

“ఇంతకీ ఈ వెంకయ్యది తప్పా ఒప్పా?” అని నేను అడిగాను, అప్పటికి కాలేజీ చదువు, చర్చ పెట్టాలని ఉబలాటం.

బాపు దానికి జవాబు చెప్పలేదు. “ఈ కథ రాసినాయన ఎవరు?” అన్నాడు.

“ప్రేమ్‌చంద్ అని, హిందీ ఆయన. ఎప్పుడో 1930లలో రాసిండు.”

“బాయిల పని చేసిండా?”

“లేదు బాపూ, బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేసేవాడు.”

“ఇన్‌స్పెక్టరా?” బాపు నా వైపు అనుమానంగా చూశాడు. “కాదు. ఇన్‌స్పెక్టరుకు గిది ఎట్ల తెలుస్తది? ఎవడో కూలోడు జెప్పిండు, గాయన రాసుకున్నడు. నువ్వు మీ మామను అడిగి సరిగ్గ తెలుసుకో.”